పోపుల డబ్బాలో గవర్నరుగారి సంతకం



శ్రీరామనవమి దగ్గరపడుతోందంటే మా భద్రాచలం చుట్టుపక్కల ప్రతి ఇల్లూ సత్రమే. కల్యాణానికొచ్చే చుట్టాలు, చుట్టాల వెంట వాళ్ళ చుట్టాలు. అందుకని పదిరోజుల ముందునుంచే వంటిల్లు సర్దుకోవడం మొదలుపెడతాను. మొన్న అలాగే పాత పోపుల డబ్బా తీసి, గిన్నెలు కడగడానికి బయటపెడితే, అడుగున మడతపెట్టిన వంద రూపాయల నోటు కనబడింది. ఎప్పుడు దాచానో, ఎందుకు దాచానో గుర్తులేదు. మెంతుల వాసన, ఇంగువ వాసన కలిసి నోటుకు పట్టేసింది.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నోటు అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, వెనకాల 2006 అని ఉంది. ఈ సంతకం ఎవరిది?" అంది. అప్పుడు గవర్నరు వై.వి.రెడ్డిగారు, మన తెలుగాయనే అన్నాను. "గవర్నరంటే రాజ్‌భవన్‌లో ఉంటారు కదా, నోటుమీద సంతకం ఎందుకు పెడతారు?" అని దాని ప్రశ్న. మీలో కొందరికీ ఈ అనుమానం ఉండొచ్చు. రాష్ట్ర గవర్నరు వేరు, రిజర్వు బ్యాంకు గవర్నరు వేరు. రిజర్వు బ్యాంకు అంటే బ్యాంకులన్నిటికీ పెద్దత్తగారనుకోండి. నోట్లు విడుదల చేసేది అదే. బ్యాంకులు ఎంత అప్పివ్వచ్చు, ఎంత పక్కన దాచాలి అని చెప్పేదీ అదే. ఆఫీసు ముంబయిలో ఉన్నా, దాని మాట మా సారపాకలోని వంటింటిదాకా వస్తుంది. ఎలాగో చెప్తాను వినండి.

నేను ఇంటర్లో సి.ఇ.సి. చదివినదాన్ని. ఎకనామిక్సులో బొటాబొటీ మార్కులు. పుస్తకంలో అర్థం కానిది కాపురంలో అర్థమైంది. అందుకే ఈ వారం కూరల కబుర్లు కాసేపు ఆపి, ఆ సంతకం చేసినాయన సంగతి చెప్తున్నాను.

యాగా వేణుగోపాల్ రెడ్డిగారు 1941 ఆగస్టు 17న కడప జిల్లా పాటూరు గ్రామంలో పుట్టారు. మద్రాసు యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్, ఉస్మానియాలో డాక్టరేటు. 1964లో ఐ.ఏ.ఎస్.కు ఎంపికై మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉద్యోగం. రాష్ట్ర ప్రభుత్వంలో ప్లానింగు, ఆర్థిక శాఖలు చూశారు. ప్రపంచ బ్యాంకులో కొన్నాళ్ళు పనిచేశారు. తర్వాత ఢిల్లీలో ఆర్థిక మంత్రిత్వ శాఖకు వెళ్ళారు. అక్కడుండగా వచ్చింది 1991. ఆ సంవత్సరం సంగతి ఆడవాళ్ళం మనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎందుకంటే అది బంగారం తాకట్టు సంగతి.

ఆ ఏడు దేశం దగ్గర విదేశీ డబ్బు అడుగంటింది. పెట్రోలు, కిరసనాయిలు లాంటివి బయటనుంచి తెచ్చుకోవాలంటే డాలర్లు కావాలి. ఒక దశలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా కూడా చేతిలో లేవు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు గీకే శబ్దం వినబడితే మన గుండె ఎలా గుభేలుమంటుందో, ఢిల్లీలో పెద్దవాళ్ళకి అలాగే అయింది. బాకీ ఎగ్గొడితే పరువు పోతుంది. ఇక మిగిలింది బంగారం. మేలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నులు, తిరిగి కొనుక్కునే షరతుమీద, స్విట్జర్లాండుకు పంపారు. జూలైలో రిజర్వు బ్యాంకు మరో 47 టన్నుల దాకా ఇంగ్లండుకు పంపి సుమారు 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. అప్పటికి మన పి.వి.నరసింహారావుగారు ప్రధాని అయ్యారు.

ఆ రోజుల్లో రెడ్డిగారు ఆర్థిక మంత్రిత్వ శాఖలో జాయింట్ సెక్రటరీ. ఈ వ్యవహారాన్ని దగ్గరుండి చూసినవాళ్ళలో ఆయనొకరు. విమానాశ్రయానికి బంగారం తీసుకెళుతున్న వ్యాను టైరు పేలి దారిలో ఆగిపోతే అందరూ ఎంత హడలిపోయారో 2017లో వచ్చిన తన ఆత్మకథ 'అడ్వైస్ అండ్ డిసెంట్'లో రాశారు. మెడలో పుస్తెలు ఒలిచి కొంగులో ముడేసుకుని షావుకారు అరుగెక్కే ఆడదానికీ, ఆ వ్యానుకూ తేడా ఏముంది చెప్పండి? భయం అదే, సిగ్గు అదే.

ఆ అప్పు ఆ ఏడాదిలోనే తీర్చేశారు. కానీ ఒకసారి తాకట్టు కొట్టు మెట్లెక్కిన ఇల్లాలు ఆ తర్వాత పది రూపాయలు ఖర్చు పెట్టేముందు రెండుసార్లు ఆలోచిస్తుంది. రెడ్డిగారు కూడా అలాగే అయ్యారని నాకనిపిస్తుంది. ఆ తర్వాత ఆయన చేసిన పనులన్నిటిలో ఆ జాగ్రత్త కనబడుతుంది.

1996 నుంచి 2002 దాకా రిజర్వు బ్యాంకులో డిప్యూటీ గవర్నరు. తర్వాత కొన్నాళ్ళు అమెరికాలో అంతర్జాతీయ ద్రవ్య నిధిలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు. 2003 సెప్టెంబరు 6న గవర్నరు కుర్చీలో కూర్చున్నారు. ఐదేళ్ళు ఉన్నారు.

అవి ఎలాంటి ఏళ్ళో గుర్తుందా? సెల్‌ఫోన్లు చవకయ్యాయి. బ్యాంకువాళ్ళు ఫోన్లు చేసి మరీ అప్పులిస్తామనేవారు. హైదరాబాదు సంగతి సరే, మా ఖమ్మం రోడ్డున కూడా పత్తి చేలకు రంగురాళ్ళు పాతి వెంచర్లన్నారు. ఊళ్ళో ఎవర్ని కదిపినా ప్లాటు కబుర్లే. అలాంటి వేళ రెడ్డిగారు మాత్రం పెళ్ళింట్లో "ఇంక చాలు, పిల్లలకు అజీర్తి చేస్తుంది" అనే ముసలి నాయనమ్మలాగా తయారయ్యారు.

ఆయన చేసినవాటిలో ముఖ్యమైనది మనకి బాగా తెలిసిన పద్ధతే. పాతకాలంలో అత్తమ్మలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేవారు కదా. బ్యాంకులకూ ఆ నియమం ఉంది. మనం వేసిన ప్రతి 100 రూపాయల్లోంచి కొంత రిజర్వు బ్యాంకు దగ్గర దాచాలి. 2004లో అది నాలుగున్నర రూపాయలు. రెడ్డిగారు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి, 2008 ఆగస్టు చివరికి 9 రూపాయలు చేశారు. బ్యాంకులు ఆయన దగ్గర తీసుకునే అప్పుమీద వడ్డీ కూడా 6 శాతం నుంచి 9 శాతానికి వచ్చింది. ఇళ్ళకూ స్థలాలకూ ఇచ్చే అప్పులకు బ్యాంకులు సొంత పెట్టుబడి ఎక్కువ పక్కన పెట్టుకోవాలన్నారు. బిల్డర్లు ఒట్టి భూములు కొనడానికి బ్యాంకు డబ్బు వాడనివ్వలేదు.

ఇదంతా మా ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, 2005లో మేం ఇల్లు కట్టుకున్నాం. 4 లక్షలు అప్పు, 15 ఏళ్ళు, మారే వడ్డీ. మొదట్లో నెలకు 3,800 వాయిదా. మూడేళ్ళు తిరిగేసరికి 4,500 దగ్గరకొచ్చింది. 700 రూపాయలంటే అప్పట్లో మా ఇంటికి నెల పాలు. మా వారు బ్యాంకు కాగితం చేతబట్టుకుని, "మన తెలుగాయనే మన నోట్లో మన్ను కొడుతున్నాడు చూడు" అని మండిపడ్డారు. నేనూ వంత పాడాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ సంతకం మీద నాకు కోపం వచ్చింది. ఆ ఏడాది సంక్రాంతికి నేను చీర కొనుక్కోలేదు.

కోపం వచ్చింది నాకే కాదు. పరిశ్రమలవాళ్ళు, పేపర్లవాళ్ళు కూడా ఆయన్ని భయస్తుడన్నారు, దేశం పరుగుకు అడ్డం పడుతున్నాడన్నారు. ఆర్థిక మంత్రితో అభిప్రాయభేదాలు వచ్చిన సంగతి ఆయనే తన పుస్తకంలో దాచకుండా రాశారు. పైగా ఇంత చేసినా ధరలు పూర్తిగా ఆగలేదు. 2008లో ఆయన దిగిపోయేనాటికి టోకు ధరల పెరుగుదల 12 శాతం మీదే ఉంది. అదీ నిజమే.

ఇప్పుడు మా తోడికోడలి సంగతి చెప్పాలి. తను ఒప్పుకుంది కాబట్టే రాస్తున్నాను. 2007లో మా మరిది ప్లాటు కొంటానని బ్యాంకు చుట్టూ తిరిగాడు. ఇవ్వలేదు. పౌరుషానికి పోయి బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నూటికి మూడంటే నెలకు సుమా, ఏడాదికి 36. చాలక మా తోడికోడలి నాలుగు పేటల గొలుసు, గాజులు కుదువపెట్టాడు. "ఆరు నెల్లలో రెట్టింపు వదినా" అని నాతో అన్నాడు. మరుసటేడు తిరిగేసరికి ఆ ప్లాటు అడిగే నాథుడు లేడు. వడ్డీ మాత్రం ఆగదు కదా. గాజులు వేలానికి పోయాయి. గొలుసు సగం తెగ్గోసి అమ్మి మిగతాది విడిపించుకున్నారు. ఆ నవమికి తను మెడలో పసుపుతాడుతో కల్యాణానికొచ్చి, ఎవరైనా అడుగుతారేమోనని కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

బ్యాంకు కాదన్న రోజున మరిది అక్కడితో ఆగి ఉంటే ఆ గాజులు చేతికే ఉండేవి. కాదన్నవాళ్ళమీద మనకి కోపం వస్తుంది. వాళ్ళు ఎందుకు కాదన్నారో తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

దేశానికీ అదే జరిగింది. రెడ్డిగారు 2008 సెప్టెంబరు 5న పదవీ విరమణ చేశారు. సరిగ్గా పది రోజులకు, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ కూలిపోయింది. తీర్చలేనివాళ్ళకు కూడా ఇళ్ళ అప్పులు ఎడాపెడా ఇచ్చిన ఫలితం అది. అక్కడ ఎన్నో కుటుంబాలు ఇళ్ళు వదిలి రోడ్డున పడ్డాయి. మన దేశానికీ దెబ్బ తగిలింది, ఎగుమతులు పడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. కానీ మన పెద్ద బ్యాంకులేవీ మూతపడలేదు. అప్పటిదాకా భయస్తుడన్నవాళ్ళే ముందుచూపు ఉన్నాయన అన్నారు. అమెరికా పత్రికలు కూడా మెచ్చుకుంటూ రాశాయి. 2010లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆయన తర్వాత కుర్చీలో కూర్చున్నది కూడా తెలుగాయనే. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుగారు. మా అశ్వారావుపేట దాటి జంగారెడ్డిగూడెం మీదుగా పోతే ఏలూరే కదా, మాకు ఇంటిపక్క మనిషి కిందే లెక్క. 1972 ఐ.ఏ.ఎస్.లో దేశంలోనే మొదటి ర్యాంకు. ఆయన వచ్చీ రావడంతోనే నెత్తిన పిడుగు పడింది. అప్పుడు ఏం చేశారంటే, ముందాయన 9 దాకా పెంచి దాచిన ఆ పిడికెడు బియ్యం కుండ మూత తీశారు. నాలుగు నెలల్లో 9ని 5కు తగ్గించారు. బ్యాంకుల చేతికి డబ్బు వచ్చింది. 9 శాతం ఉన్న వడ్డీని 2009 ఏప్రిల్‌కల్లా 4.75కు దించారు. ముందాయన దాచకపోతే తర్వాతాయన తీయడానికి ఏముండేది? మా ఇంటి వాయిదా కూడా కొంత తగ్గింది. తర్వాత ధరలు మండిపోతే ఈ సుబ్బారావుగారే 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు వడ్డీ పెంచారనుకోండి. మావారు మళ్ళీ మండిపడ్డారు. కానీ ఈసారి నేను వంత పాడలేదు.

బంగారం సంగతి మరిచిపోయాననుకున్నారా? రెడ్డిగారు గవర్నరయ్యేనాటికి దేశం దగ్గరున్న విదేశీ నిల్వలు 9 వేల కోట్ల డాలర్లకు దగ్గర. దిగేనాటికి 28 వేల కోట్లు దాటాయి. 2009లో సుబ్బారావుగారి హయాంలో అంతర్జాతీయ ద్రవ్య నిధి దగ్గర్నుంచి మన రిజర్వు బ్యాంకు 200 టన్నుల బంగారం కొంది. తాకట్టు పెట్టి పద్దెనిమిదేళ్ళు! 2024లో ఇంగ్లండులో ఉన్న మన బంగారంలో సుమారు 100 టన్నులు ఇంటికి తెచ్చుకున్నారని పేపర్లో చదివినప్పుడు మా తోడికోడలికి ఫోన్ చేసి చెప్పాను. "దేశం గాజులు ఇంటికొచ్చాయన్నమాట" అని నవ్వింది.

ఇంకొక్క సంగతి. రెడ్డిగారి హయాంలోదే, కానీ పెద్ద పెద్ద పేపర్లు దీని గురించి తక్కువ రాశాయి. మా ఇంట్లో పనికి సాయంగా వచ్చే కోయ అక్క ఒకావిడ ఉంది. ఎండాకాలం తునికాకు కోతకు, ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోతుంది. ఆ డబ్బులు ఇంటి కప్పులో వెదురు బొంగులో దాచేది. ఒక వానాకాలం చూసుకుంటే బొంగుకు చెదలు పట్టి నోట్లు పొడిపొడి. ఆ పొడిని గుడ్డలో మూటగట్టుకొచ్చి నా ముందు విప్పింది. నాకు మాట రాలేదు. అంతకుముందు ఒక బ్యాంకుకు వెళితే, ఖాతాలో ఎప్పుడూ ఇంత మిగిల్చి ఉంచాలని చెప్పి పంపించేశారట. రోజు గడవనివాళ్ళు మిగిల్చేదేముంటుంది?

2005 నవంబరులో రిజర్వు బ్యాంకు, కనీస నిల్వ లేకుండా గానీ, చాలా తక్కువతో గానీ పేదవాళ్ళకు ఖాతాలు తెరవమని బ్యాంకులకు చెప్పింది. మరుసటేడు జనవరిలో, బ్యాంకు లేని ఊళ్ళకు ప్రతినిధుల్ని పంపుకోవచ్చని అంది. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతాలకు ముందే వేసిన బాట ఇది. అక్కకు ఖాతా తెరిపించడానికి నేనే వెంట వెళ్ళాను. వేలిముద్ర వేసి, పాసుపుస్తకం అందుకుని, కళ్ళకద్దుకుంది. ఇప్పుడు ఆకు కోత డబ్బులు ఖాతాలోనే వేసుకుంటుంది. చెదలకు భయం లేదు, తాగొచ్చే మగడికీ భయం లేదు.

పదవి దిగాక రెడ్డిగారు 14వ ఆర్థిక సంఘానికి అధ్యక్షులయ్యారు. కేంద్రం వసూలుచేసే పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 శాతం నుంచి 42కు పెంచమన్నారు. ఐదేళ్ళకు గ్రామ పంచాయతీలకు 2 లక్షల కోట్లకు పైగా ఇవ్వమన్నారు. భద్రాచలం దాటి అడుగేస్తే ఎటపాక, అది ఆంధ్ర. ఇటు తెలంగాణ. రాష్ట్రాలు రెండైనా రెండువైపులా పంచాయతీలు ఉన్నాయి, పంపుల దగ్గర బిందెలు ఉన్నాయి. ఆ వాటా వాళ్ళందరిదీ.

సరే, ఇంత విన్నాక మన ఇంటికి పనికొచ్చేది ఏమిటి? నేను పాటిస్తున్నవి చెప్తాను.

మూడు నెలల ఇంటిఖర్చు ఎప్పుడూ బ్యాంకులో విడిగా ఉంచండి. అదే మన పిడికెడు బియ్యం. పండక్కీ పబ్బానికీ ఆ కుండ ముట్టుకోవద్దు.

ఇంటి అప్పు తీసుకునేటప్పుడు వడ్డీ మారేదా, మారనిదా అని మీరే అడగండి. మారేదైతే, వాయిదా వెయ్యి పెరిగినా కట్టగలమా అని ముందే లెక్క వేసుకోండి. మేం వేసుకోలేదు, అందుకే ఏడ్చాం.

బంగారం కుదువపెట్టేది ఆస్పత్రికో, చదువుకో, విత్తనానికో. రెట్టింపవుతుందనే మాటకి మాత్రం వద్దు. అందరూ ఇచ్చే వడ్డీకన్నా చాలా ఎక్కువ ఇస్తామనేవాళ్ళకు దండం పెట్టి పంపించండి.

ఒక బ్యాంకులో ఒకరి పేరున ఉన్న డిపాజిట్లకు, వడ్డీతో కలిపి, 5 లక్షల దాకా బీమా ఉంది. 2020 నుంచి అంతే. చీటీలవాడి దగ్గర ఆ బీమా ఉండదు. ఖాతాకు నామినీ పేరు రాయించారో లేదో ఈ రోజే చూసుకోండి.

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఖాతా లేకపోతే, ఒక పూట వెంట వెళ్ళండి. నిల్వ లేకుండా తెరిచే ఖాతా ఆమె హక్కు. ఒంటరిగా వెళితే జంకుతుంది, మీరు పక్కనుంటే ధైర్యం.

మా అమ్మాయి ఆ వంద నోటు నాకిచ్చెయ్యమంది, దాచుకుంటుందట. ఇవ్వలేదు. గిన్నెలు తుడిచి ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి ఎక్కడివక్కడ పోసి, నోటును మళ్ళీ అడుగునే పెట్టాను. కావాలంటే అక్కడికొచ్చి చూసుకోమన్నాను. పోపు వేసినప్పుడల్లా నాకూ గుర్తుంటుంది, కాదనాల్సిన చోట కాదనాలని.

నవమికి మా వైపు వస్తే పానకం, వడపప్పు సిద్ధం. వచ్చే వారం చింతచిగురు పప్పు, చింతచిగురు పొడి చెప్తాను. అడవి చింత ఇప్పుడిప్పుడే చిగురిస్తోంది. ఉంటాను మరి.